ముప్ఫై ఒకటో పేజీ అడుగున

జూన్ 4, బుధవారం

నిన్న సాయంత్రం ఇంటికొచ్చాను. టాన్సిల్స్ ఉన్న చోట ఇప్పుడు రెండు గుంటలున్నాయట. అద్దంలో చూసుకుందామని నోరు తెరిచాను. సగం తెరిచేసరికే కళ్ళ వెంట నీళ్ళొచ్చాయి, మూసేశాను. ఉమ్మి మింగితే గాజుపెంకులు మింగినట్టుంది. మనిషి రోజుకి ఇన్ని గుటకలు వేస్తాడని నలభై ఒకటో ఏట తెలుసుకున్నాను.

డాక్టరు అస్సలు మాట్లాడొద్దన్నాడు. పదిహేను రోజులు. మా ఆయన పలకా చాక్‌పీసూ తెచ్చిపెట్టాడు. అత్తయ్య మంచం పక్కన కుర్చీ లాక్కుని కూర్చుని, "పద్దెనిమిదేళ్ళకి ఇవాళ నా మాటకి ఎదురు లేదు. కడుపు నిండిపోయింది తల్లీ" అంది. "రాస్తాను కదా" అని పలక మీద రాసి చూపించాను. "కళ్ళజోడు లేందే నాకు కనపడదు, అదెక్కడ పెట్టానో గుర్తులేదు" అంటూ లేచి వెళ్ళిపోయింది. కళ్ళజోడు ఆవిడ నెత్తి మీదే ఉంది.

ఈ డైరీ మా ప్రెస్సులో అచ్చేసిందే. వారాలు తప్పు పడ్డాయని అమ్మకుండా పక్కన పెట్టేస్తే ఒకటి తెచ్చుకున్నాను. వారం కొట్టేసి పక్కన సరైనది రాసుకుంటున్నాను. దిద్దందే రాయలేను, అలవాటు.

జూన్ 5, గురువారం

ఐస్‌క్రీం. చల్లటి పాలు. మళ్ళీ ఐస్‌క్రీం. చిన్నప్పుడు పక్కింటి పిల్లకి టాన్సిల్స్ తీశారని, నాకు తియ్యలేదని ఏడ్చాను. ఇప్పటికి ఆ ముచ్చట తీరింది. మింగలేక సగం వదిలేస్తే అత్తయ్య తినేసింది.

మాస్టారు ఫోన్ చేశారు. మా ఆయన తీశాడు. నిద్రపోతోందని చెప్పు అని పలక మీద రాశాను. అలాగే చెప్పాడు. చెప్పి, పలక వంకా నా వంకా ఒకసారి చూసి, చొక్కా తొడుక్కుని పనికి వెళ్ళిపోయాడు.

జూన్ 6, శుక్రవారం

ఇవాళ కూడా మాస్టారు ఫోన్. ఇవాళ కూడా నిద్ర.

ఆయన బడిలో ఎప్పుడూ పాఠం చెప్పలేదు. కనిపించిన ప్రతి బోర్డులోనూ తప్పులు దిద్దుతాడని ప్రెస్సులో అందరూ పెట్టిన పేరది. ఇరవై రెండేళ్ళుగా ఒకే బల్లకి ఆ పక్కన ఆయన, ఈ పక్కన నేను. అచ్చుపని ఇచ్చినవాళ్ళ రాతప్రతి నా చేతిలో ఉంటుంది, నేను పైకి చదువుతాను. కంపోజింగ్ నుంచి వచ్చిన ప్రూఫు ఆయన ముందుంటుంది, ఎర్రపెన్నుతో నా వెంట వస్తారు. కామా, ఫుల్‌స్టాప్ అని నోటితో అనుకుంటూ పోతే సాయంత్రానికి నోరు పడిపోతుంది కాబట్టి వేలి కణుపుతో బల్ల మీద కొడతాను. ఒకటి కొడితే కామా. రెండు కొడితే ఫుల్‌స్టాప్. మూడు కొడితే ఆగమని, అక్కడ తప్పుందని. మూడు ఎక్కువగా ఆయనే కొడతారు. కొత్తలో మా గది బయట నడిచేవాళ్ళు లోపల వడ్రంగి పని జరుగుతోందనుకునేవాళ్ళు.

చదవడం అయ్యాక ప్రూఫు అడుగున ఆయన సంతకం పెడతారు. చదివినవాళ్ళు పెట్టేది లేదు. ప్రెస్సు పుట్టినప్పటి నుంచీ అంతే. నా గొంతు ఎక్కడికి పోయిందో కాగితం మీద ఆనవాలు ఉండదు.

ఈ డిసెంబరుకి మాస్టారు రిటైరవుతారు. ఈ నెలలోనే ప్రెస్సుకి పెద్ద నిఘంటువు వస్తోంది, పద్దెనిమిది వందల పేజీలు. ఆరేళ్ళుగా దాని కోసం చూస్తున్నారు. "అ నుంచి మొదలుపెట్టి చివరి మాట దాకా చదివేసి పెన్ను మూసేస్తానమ్మాయ్. నీ గొంతు జాగ్రత్తగా పెట్టుకో" అనేవారు.

చెవిలో పోటు మొదలైంది. రేపు రాస్తాను.

జూన్ 8, ఆదివారం

రాయకుండా ఒక రోజు గడిపాను. హాయిగానే ఉంటుందనుకున్నాను, లేదు.

ఏప్రిల్‌లో లాంచీల వేళల పుస్తకం వచ్చింది. నది దాటే లాంచీలు ఏ రేవు నుంచి ఎన్నింటికి బయల్దేరతాయో చెప్పే చిన్న పుస్తకం. ఏటా మేమే వేస్తాం. నిండా అంకెలు. ఆ రోజు నాకు నూటరెండు జ్వరం, టాన్సిల్స్ నిమ్మకాయలంత వాచి ఉన్నాయి. ముప్ఫై ఒకటో పేజీ ఆఖరిది. పట్టిక అంతా చదివాను. దాని అడుగున సన్న అక్షరాల్లో నాలుగు వరుసల గమనిక ఉంది. జ్వరంలో చూపు జారిపోయింది. రెండు కొట్టాను. ఆయన సంతకం పెట్టారు.

ఆ గమనిక ఈ ఏడు కొత్తగా చేర్చింది. నెలలో ఆఖరి ఆదివారం మరమ్మతుల కోసం సాయంత్రం ఆరింటి లాంచీ ఉండదని. కంపోజింగ్ అతను పోయినేడాది పేజీ తీసుకుని అంకెలు మార్చాడంతే, కింద గమనిక వెయ్యలేదు. ప్రూఫులో లేదు. నేను చదవలేదు. నేను చదివి ఉంటే మాస్టారు ప్రూఫులో వెతికేవారు, లేదని మూడు కొట్టేవారు. మమ్మల్నిద్దర్నీ ఆ బల్ల దగ్గర కూర్చోబెట్టి జీతమిచ్చేది అందుకే.

మే ఆఖరి ఆదివారం అవతలి రేవులో ఇరవై ఏడు మంది పుస్తకం చేత్తో పట్టుకుని వానలో నిలబడ్డారు. రాని లాంచీ కోసం. ఒక ముసలావిడ తడిమెట్ల మీద జారి చెయ్యి విరగ్గొట్టుకుంది.

ఆ వారంలోనే గురువారం మేనేజరు మా ఇద్దర్నీ పిలిచాడు. రాతప్రతి బల్ల మీద పెట్టి, ఆ నాలుగు వరుసల మీద వేలు పెట్టి, "ఇది చదివారా లేదా?" అన్నాడు. మాస్టారు నా వైపు చూశారు. నేను గొంతు పట్టుకున్నాను. నిజంగానే నొప్పిగా ఉంది. ఆయన ఒక్క క్షణం చూసి, "చదివే ఉంటుందండీ. నా కన్నే పడి ఉండదు" అన్నారు. జూన్ పదకొండో తారీకుకల్లా సంజాయిషీ రాసివ్వమన్నాడు మేనేజరు.

ఆ సాయంత్రమే క్లినిక్‌కి వెళ్ళాను. మూడేళ్ళుగా వాయిదా వేస్తున్న ఆపరేషన్‌కి, అన్నిటికంటే ముందు ఖాళీ ఉన్న రోజు ఇమ్మన్నాను. సోమవారం ఇచ్చారు. ఎప్పుడో ఒకప్పుడు చేయించుకోవాల్సిందే కదా.

జూన్ 9, సోమవారం

మాట్లాడగలిగితే మొదట మాస్టారికే చెప్పేదాన్ని. డాక్టరు వద్దన్నాడు.

జూన్ 10, మంగళవారం

ఐదో రోజు దాటాక ఎక్కువవుతుందని ముందే చెప్పారు. చెప్పినట్టే ఎక్కువైంది. గొంతులో తెల్లటి పెచ్చులు కట్టాయి, నా ఊపిరి వాసన నాకే పడటం లేదు. మంచినీళ్ళ గ్లాసు చూస్తే కోపం వస్తోంది.

పదకొండింటికి ఫోన్ మోగింది. మా ఆయన లేడు. నేను చెయ్యి ఊపేలోపలే అత్తయ్య తీసింది. "ఆఁ, లేచే ఉంది మాస్టారూ, ఇస్తున్నా. వింటుందిగానీ మాట్లాడదు. ఇలాంటి కోడలు ఇన్నాళ్ళకి దొరికింది నాకు" అని ఫోన్ నా చెవికి ఆనించి వంటింట్లోకి పోయింది.

"అమ్మాయ్, నువ్వు మాట్లాడకు, నేనే మాట్లాడతాను. ఎలా ఉందీ అని అడిగితే జవాబు చెప్పలేవు కదా, అడగను. రేపు ఇవ్వాల్సిన కాగితం రాశాను. నువ్వు లేకుండా నా చేతి మీంచి ఇంతవరకూ ఒక్క కాగితం పోలేదు, ఇదెందుకు పోవాలి? ఈసారి నేను చదువుతాను, నువ్వు విను. బావుంటే రెండు కొట్టు. తప్పుంటే మూడు."

చదివారు. నిదానంగా, నేను చదివినట్టే, కామాల దగ్గర ఒకటి కొడుతూ. 'ముప్ఫై ఒకటో పేజీ అడుగున ఉన్న గమనికను నా సహోద్యోగిని చదివి వినిపించారు. నా కంటిచూపు మందగించినందువల్ల, అది ప్రూఫులో లేదన్న సంగతి నేను గమనించలేకపోయాను. ఇందుకు పూర్తి బాధ్యత నాది.'

ఆగారు. అవతల ఆయనింట్లో ఫ్యాను తిరగడం వినిపిస్తోంది.

"వింటున్నావా? సరిగ్గా ఉందా?"

నా గోరు ఫోన్ మీద ఉంది. ఒకటి. రెండు.

 తర్వాత అన్నారు: "నువ్వు చదివే ఉంటావమ్మాయ్, నాకు తెలుసు. నాకే ఏదో అయింది. ఈమధ్య ఇంట్లో పేపరు కూడా ఒకే వార్త రెండుసార్లు చదువుతున్నాను, మొదటిసారి సరిగ్గా చూశానో లేదోనని. కళ్ళ డాక్టరు ఏమీ లేదన్నాడు. ఆయనకేం తెలుసు. సరే, పడుకో. నీళ్ళు తాగు."

జూన్ 11, బుధవారం

రెండు కొట్టాను. మూడు కొట్టాల్సింది. తేడా ఒకటే.

జూన్ 12, గురువారం

పొద్దున ఉమ్మిలో ఎర్రటి చార కనిపించింది.  మా ఆయన క్లినిక్‌కి ఫోన్ చేశాడు. పెచ్చులు ఊడేటప్పుడు కొంచెం అలా పడుతుంది, చల్లటి నీళ్ళతో మెల్లగా పుక్కిలించమనండి, ఆగకపోయినా ఎక్కువైనా వెంటనే తీసుకురండి అన్నారు. ఆగింది. ఆగేదాకా ఒకటే అనుకున్నాను, ఇది ఎక్కువైతే బావుండు, నన్నెవరూ ఏమీ అడగరు అని. ఎంత పిరికిదాన్నో ఈ రెండు పెచ్చులు ఊడితేగానీ నాకు అర్థం కాలేదు.

మధ్యాహ్నం అత్తయ్య మెత్తటి జావ తెచ్చి పక్కన పెట్టింది. డైరీ మూసేశాను.

"రోజూ పేజీలకి పేజీలు రాస్తున్నావ్. ఎవరికే?"

"నాకు" అని పలక మీద రాశాను. ఇవాళ కళ్ళజోడు కళ్ళ మీదే ఉంది.

"నీకు తెలిసిందే నీకు చెప్పుకోడానికి ఇన్ని కాగితాలా?" అంది. నేను పలక తుడిచేశాను. ఆవిడ కూర్చునే ఉంది, గిన్నె ఖాళీ అయ్యేదాకా.

జూన్ 14, శనివారం

అత్తయ్య మాట రెండు రోజులుగా చెవిలో తిరుగుతోంది. చెవిపోటు తగ్గింది, ఇది తగ్గలేదు.

మాట్లాడలేను కాబట్టి చెప్పలేదని రాశాను. ఎక్కడ రాశాను? ఈ పుస్తకంలో. పది రోజుల్లో ఇన్ని పేజీలు రాసిన చెయ్యి మేనేజరుకి మూడు వరుసలు రాయలేకపోయింది. చేతికేం ఆపరేషన్ జరగలేదు.

ఎనిమిదో తారీకున రాసింది తీసి చదువుకున్నాను. 'జ్వరంలో చూపు జారిపోయింది' అని ఉంది. ఎర్రపెన్నుతో కొట్టేశాను.

చూపు జారలేదు. చూశాను. సన్న అక్షరాలు, నాలుగు వరుసలు. ఇంకో నాలుగు వరుసలంటే ఇంకో పది గుటకలు. పోయినేడాది ఉన్నదే అయ్యుంటుందిలే అనుకున్నాను. అప్పటికి గంటసేపట్నుంచి అంకెలు చదువుతున్నాను, ఇంటికెళ్ళి పడుకోవాలని ఉంది. మాస్టారు తలెత్తి "అయిపోయిందా అమ్మాయ్?" అన్నారు. రెండు కొట్టాను. ఆయన మారుమాట లేకుండా సంతకం పెట్టారు. ఇరవై రెండేళ్ళలో నా చేతి దెబ్బని ఆయన ఒక్కసారి కూడా మళ్ళీ అడగలేదు.

ఆ రోజు నేను నోరు తెరిచి "ఇంకో నాలుగు వరుసలున్నాయి మాస్టారూ, నా వల్ల కావడం లేదు, మీరే చదువుకోండి" అని ఉంటే ఆయన కుర్చీ ఇటు జరిపి తనే చదువుకునేవారు. పోనీ మేనేజరు గదిలో అన్నా సరిపోయేది. పోనీ మొన్న ఫోన్‌లో ఇంకొక్క దెబ్బ. ఎన్నిసార్లు అవకాశం వచ్చిందో లెక్కపెడితే సిగ్గేస్తోంది. తప్పు పడటం ప్రెస్సులో మామూలే. కానీ ఆయన తన కళ్ళనే అనుమానించుకుంటుంటే వింటూ ఊరుకున్నాను. అది ప్రెస్సులో మామూలు కాదు.

జూన్ 16, సోమవారం

క్లినిక్. డాక్టరు టార్చి వేసి చూసి బాగా మానుతోందన్నాడు. "ఏదీ, మాట్లాడండి" అన్నాడు.

"మాట్లాడొద్దన్నారుగా" అని పలక మీద రాసి చూపించాను.

ఆయన నవ్వాడు. "అరవొద్దన్నాను. గంటలకొద్దీ మాట్లాడొద్దన్నాను. మెల్లగా నాలుగు మాటలు మాట్లాడితే మంచిదేనమ్మా. పదిహేను రోజులూ నోరు తెరవకుండా కూర్చున్నారా?"

మా ఆయన నా వైపు చూశాడు.  ఆయన అనని మాటలు ఈ నెలలో చాలా పోగయ్యాయి.

దారిలో నా సెలవు కాగితం ఇవ్వడానికి ప్రెస్సు దగ్గర ఆగాం. నేను దిగలేదు. లోపలికి వెళ్ళొచ్చి చెప్పాడు. మాస్టారిని గురువారం స్టోర్సుకి మార్చారట. ఒక్కరోజు కాగితం బేళ్ళ మధ్య కూర్చుని, శుక్రవారం నుంచి రావడం లేదట. నిఘంటువు వచ్చిందట. అ అక్షరం వేరే ఇద్దరు చదువుతున్నారట.

ఇంటికొచ్చాక వంటింటి గుమ్మంలో నిలబడి, "అత్తయ్యా, నేను తప్పు చేశాను" అన్నాను. రెండు వారాల తర్వాత మొదటి మాట. సన్నగా, ఎవరో పక్కగదిలోంచి అన్నట్టుంది.

"తెలుసు. ఏం తప్పో చెప్పు" అంది, పొయ్యి కట్టేసి.

చెప్పాను. అంతా విని, "నాకు చెప్పేశావు, నాకేమో దీంతో ఏ పనీ లేదు. చెప్పాల్సిన మనిషి దగ్గరికి పో" అంది.

జూన్ 17, మంగళవారం

మేనేజరుకి ఉత్తరం రాశాను. పదకొండు వరుసలు. రెండు ప్రతులు.

జూన్ 18, బుధవారం

మాస్టారి ఇల్లు మేడ మీద రెండు గదులు. తలుపు ఆయనే తీశారు. గడ్డం పెరిగింది. "నడిచొచ్చావా? కూర్చో, కూర్చో. మాట్లాడకు" అని కుర్చీ చూపించారు. బల్ల మీద పేపరు మడత విప్పకుండా ఉంది. కళ్ళజోడు ఎక్కడా కనపడలేదు.

"మాట్లాడొచ్చన్నారు మాస్టారూ" అన్నాను.

నా గొంతు విని తల పక్కకి వంచారు. "మారింది. కొంచెం సన్నబడింది. పర్వాలేదు, తేటగానే ఉంది."

సంచిలోంచి రెండు కాగితాలూ తీశాను. ఒకటి ఆయన ముందు పెట్టాను. "ప్రెస్సుకి ఇవ్వాల్సిన కాగితం. చదువుతాను. మీరు చూడాలి."

ఆయన చెయ్యి కదల్లేదు. "నేను చూడటం మానేశానమ్మాయ్. ఇంకెవరినన్నా చూడమను."

"మీరే చూడాలి."

ఆయన లేచి, సొరుగు లాగి, కళ్ళజోడు తీసి తుడిచి పెట్టుకున్నారు. ఎర్రపెన్ను చొక్కా జేబులోనే ఉంది. నాకు ఎదురుగా, మామూలుగా కూర్చునే వైపే కూర్చున్నారు.

మొదలుపెట్టాను. తేదీ. అయ్యా. కామా దగ్గర ఒకటి కొట్టాను. 'ఏప్రిల్ పదహారున లాంచీల వేళల పుస్తకం చదివినప్పుడు, ముప్ఫై ఒకటో పేజీ అడుగున ఉన్న గమనికను నేను చదవలేదు. చూసి కూడా చదవలేదు. ప్రూఫు చూసినవారి కంటిలో ఏ లోపమూ లేదు. ఆయనకి నేను వినిపించనిది ఆయన సరిచూసే మార్గం లేదు.'

పెన్ను కాగితం మీద ఆగిపోయింది. నేను తలెత్తలేదు. తలెత్తితే చదవలేనని తెలుసు. గుటక వేశాను, మండింది. 'కనుక ఆయనను తిరిగి ఆయన స్థానంలో నియమించవలసిందిగా, నా మీద తగిన చర్య తీసుకోవలసిందిగా కోరుతున్నాను.' రెండు కొట్టాను.



టక్. టక్. టక్.

ఆయన వేలి కణుపు బల్ల మీద ఉంది.

"మధ్యలో రెండు వరుసలు వదిలేశావమ్మాయ్."

వదిలేశాను. కావాలనో కాదో నాకే తెలీదు. ఇక్కడ కూడా తెలీదనే రాస్తున్నాను, చూపు జారిందని మాత్రం రాయను. ఆయన ఆ వరుసల కింద ఎర్రగీత గీసి, కాగితం నా వైపు తిప్పి, "ఇక్కణ్ణుంచి చదువు" అన్నారు.

చదివాను. 'జూన్ పదిన ఆయన తన వివరణను ఫోన్‌లో నాకు చదివి వినిపించారు. అందులో ఉన్నది నిజం కాదని తెలిసి కూడా, సరిగ్గా ఉందని రెండుసార్లు కొట్టాను.'

మాస్టారు కళ్ళజోడు తియ్యలేదు. "పేపరు రెండేసి సార్లు చదివానే" అన్నారు. "నువ్వే కదా చదివిందీ, నువ్వు వదలవు కదా అని, నా కళ్ళని తిట్టుకున్నాను. ఒక్క మాట చెప్పలేకపోయావా?"

 క్షమించమని అడగాలనుకుని వచ్చాను, ఆ మాట ఆయన ముందు పెట్టడానికి నాకు ముఖం చెల్లలేదు. ఆయన కూడా పర్వాలేదనలేదు. అనకపోవడమే న్యాయం.

బల్ల మీద మడత పెట్టి ఉన్న పేపరు తీసి, మొదటి పేజీ విప్పి, ఒక వార్త పైనుంచి కిందిదాకా చూశారు. ఒక్కసారే. మడిచి పక్కన పెట్టారు.

తర్వాత ఉత్తరం అడుగున, ఇరవై రెండేళ్ళుగా తను పెట్టే చోట, వేలు పెట్టి ఎర్రపెన్ను నాకిచ్చారు.

"ఇక్కడ పెట్టు. ఈసారి సంతకం నీది."

పెట్టాను.